అటక మీది కమొడోర్, గోడ మీది కొత్త టీవీ

ప్రశ్న: మా బాబాయి ఏడాది కిందట పోయారు. అటక మీద ఆయన దాచుకున్న పెట్టెలో 1980ల నాటి ఇంటి కంప్యూటర్లు రెండు, ఒక కమొడోర్ 64, ఒక అమిగా 500, కమొడోర్ ప్రోగ్రాములు దాచుకునే క్యాసెట్ రికార్డర్, కొన్ని క్యాసెట్లు దొరికాయి. ఒక క్యాసెట్ మీద ఆయన చేతిరాతతో 'ఇంటి లెక్కలు' అని ఉంది. అది బాబాయి సొంతంగా రాసిన ప్రోగ్రామ్ అని, ఒక్కసారి స్క్రీన్ మీద చూడాలని ఉందని పిన్ని అంటోంది. కమొడోర్‌ను టీవీ ఏంటెన్నా సాకెట్‌కు కలిపితే చుక్కల వెనక నీలంగా ఏదో కనిపించింది. చవకలో దొరికే ఏవీ టు హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కొన్నాను. బొమ్మ వచ్చింది కానీ అక్షరాలు అలుక్కుపోయి, అడ్డంగా సాగిపోయి ఉన్నాయి. మీట నొక్కాక అక్షరం ఆలస్యంగా పడుతోంది. అమిగాకు వీజీఏ అడాప్టర్ తగిలించి మానిటర్‌కు కలిపితే 'అవుట్ ఆఫ్ రేంజ్' అంటోంది. రెండూ పాడైనట్టేనా? నాకు సోల్డరింగ్ రాదు.

సమాధానం: రెండూ బతికే ఉన్నాయి. ఆ సంగతి మీ ఉత్తరంలోనే ఉంది. చుక్కల వెనక నీలం కనిపించిందంటే కమొడోర్ లేచి, తన మొదటి స్క్రీన్ వేసుకుని, మీరు ఏదో ఒకటి కొడతారని ఎదురుచూస్తోందన్న మాట. అమిగా సంగతీ అంతే. సిగ్నలే రాకపోతే మానిటర్ 'నో సిగ్నల్' అనేది. 'అవుట్ ఆఫ్ రేంజ్' అందంటే సిగ్నల్ అందింది, ఈ వేగం నాకు పట్టుబడదు అని చెబుతోంది. బొమ్మ చెడిపోతున్నది కంప్యూటర్లో కాదు, అక్కడి నుంచి టీవీకి వచ్చే దారిలో.

బొమ్మ సంగతికి వెళ్లే ముందు ఒక పని చేయండి. కమొడోర్ ప్లగ్గు పీకేయండి, మళ్లీ ఆ పాత పవర్ సప్లైతో ఆన్ చేయకండి. దాంతో వచ్చిన పాత సప్లై ఇటుకలా బరువుగా ఉంటుంది. లోపల ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోసి మూసేసి ఉంటుంది కాబట్టి విప్పి బాగుచేసే వీలు ఉండదు. అది కంప్యూటర్‌కు 5 వోల్టుల డీసీ, 9 వోల్టుల ఏసీ ఇస్తుంది. వయసు మళ్లాక లోపలి రెగ్యులేటర్ పోతే ఆ 5 వోల్టులు తగ్గవు, పెరుగుతాయి. అలా పెరిగిన వోల్టేజీకి మెమరీ చిప్పుల్లాంటివి కాలిపోతాయి. ఇవాళ మల్టీమీటర్లో 5 చూపించిందని ధీమా పడొద్దు. ఖాళీగా కొలిచినప్పుడు సరిగ్గా ఉన్నది, గంటసేపు పనిచేసి వేడెక్కాక మాట మార్చవచ్చు. కమొడోర్ 64 కోసమే ఇప్పుడు కొత్తగా తయారుచేస్తున్న సప్లైలు దొరుకుతాయి, ఒకటి కొనండి. మంచి కేబుల్ కన్నా, మంచి కన్వర్టర్ కన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు ఇదే. చిప్పులు పోయాక చేసేదంతా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అమిగా పవర్ సప్లై గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు. దాన్ని ఒకసారి తిరగేసి, అడుగున ఉన్న చిన్న మూత మాత్రం తీసి చూడండి. లోపల అదనపు మెమరీ కార్డు ఉంటే, దాని మీద గడియారం కోసం పెట్టిన బ్యాటరీ కూడా ఉండవచ్చు. ఇన్నేళ్లలో అది కారి పచ్చగానో నీలంగానో చిలుము పట్టి ఉంటే కార్డును బయటికి తీసేయండి. అది లేకపోయినా అమిగా పనిచేస్తుంది.

ఇక బొమ్మ సంగతి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ బొమ్మను గీత తర్వాత గీతగా గీసుకుంటూ పోయేది. మన దేశంలో వాడిన పాల్ అనే టీవీ ప్రసార పద్ధతిలో సెకనుకు 15,625 గీతలు, అమెరికా వాడిన ఎన్‌టీఎస్‌సీలో 15,734. ఇంటి కంప్యూటర్లన్నీ టీవీకే తగిలించాలి కాబట్టి అదే వేగంతో పంపేవి. 1987లో వచ్చిన వీజీఏ అనే కంప్యూటర్ మానిటర్ పద్ధతి ఆ వేగాన్ని రెట్టింపు చేసి సెకనుకు దాదాపు 31,500 గీతలకు తీసుకెళ్లింది. ఆ తర్వాత వచ్చిన మానిటర్లలో ఎక్కువ భాగం అంతకన్నా నెమ్మదైన సిగ్నల్‌ను తీసుకోవు. మీరు కొన్న వీజీఏ అడాప్టర్ 23 పిన్నుల సాకెట్‌ను 15 పిన్నుల సాకెట్‌గా మార్చింది, అంతే. వేగం మార్చలేదు. అందుకే మానిటర్ ఆ మాట అంది. 15 వేల గీతలనూ పట్టుకోగల మానిటర్లు కొన్ని ఉన్నాయి, అలాంటి వాటితో ఆ అడాప్టర్ పనిచేస్తుంది. మీది ఆ రకం కాదు.

కమొడోర్ అక్షరాలు అలుక్కుపోవడానికి కారణం ఇంకొంచెం లోతుగా ఉంది. నాకు ఈ యంత్రాల మీద గౌరవం పెంచిన విషయం కూడా అదే. పాల్ టీవీ ప్రసారంలో ఒక పూర్తి బొమ్మకు 625 గీతలు. అవి రెండు విడతలుగా వస్తాయి: ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. విడతకు 312న్నర. ఆ అర గీత ఉండటం వల్లే రెండో విడత గీతలు మొదటి విడత సందుల్లోకి వచ్చి కూర్చుంటాయి. కమొడోర్ ఆ అర గీతను వదిలేసి, విడతకు సరిగ్గా 312 గీతలే పంపుతుంది. దాంతో ప్రతి విడతా ముందుదాని మీదే పడి, అక్షరం వణకకుండా నిలబడుతుంది. పాత ట్యూబ్ వచ్చింది వచ్చినట్టు గీసేది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు. చవక కన్వర్టర్, చాలా కొత్త టీవీలు దీన్ని మామూలు ప్రసారమే అనుకుంటాయి. రెండు విడతలను కలిపి కుట్టాలని చూస్తాయి. కుట్టడానికి అసలు చిరుగే లేదు. ఆ లేని చిరుగును కుట్టబోయి అక్షరాల అంచులు చెడగొడతాయి, అందుకోసం ఫ్రేములు దాచుకుంటాయి కాబట్టి ఆలస్యం కూడా అక్కడే వస్తుంది. పాల్ కమొడోర్ పంపే ఒక్కో విడతే ఇక్కడ ఒక్కో ఫ్రేము, అది 20 మిల్లీసెకన్లు. కన్వర్టర్ కొన్ని, టీవీ కొన్ని దాచుకుంటే మీట నొక్కిన వేలికి తేడా తెలిసిపోతుంది.

ఇంకో విషయం. ఇలాంటి కన్వర్టర్లు చాలావరకు లోపలికి ఏం వచ్చినా బయటికి సెకనుకు 60 ఫ్రేములే పంపుతాయి. కమొడోర్ పంపేది 50. ప్రతి అయిదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు చూపిస్తే గానీ లెక్క సరిపోదు. ఆట ఆడితే పక్కకు జరిగే బొమ్మ కుదుపుతో నడుస్తుంది. ఇంటి లెక్కల ప్రోగ్రామ్‌కు ఇది అడ్డు కాదు కానీ, కొత్త కన్వర్టర్ డబ్బా కొనేటప్పుడు 50 వస్తే 50 గానే పంపుతుందా అని కనుక్కోండి.

కాబట్టి డబ్బా సంగతి తర్వాత. సిగ్నల్‌ను కంప్యూటర్లోంచి ఏ దారిన బయటికి తీస్తున్నారన్నదే అన్నిటికన్నా ముఖ్యం. కమొడోర్‌కు మూడు దారులున్నాయి. ఏంటెన్నా దారిలో బొమ్మా శబ్దమూ కలిసి ప్రసారంలా మారి, టీవీలో మళ్లీ విడిపోవాలి. యంత్రం బతికుందని తెలుసుకోవడానికి అది చాలు, అంతకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. రెండోది కాంపోజిట్, పసుపు ప్లగ్గు. ఇందులో శబ్దం వేరుగా వస్తుంది, వెలుగూ రంగూ మాత్రం ఒకే తీగలో కలిసిపోయి వస్తాయి. పాలూ నీళ్లూ కలిశాక విడదీయడం హంసకే తెలుసంటారు. టీవీ ఆ పని అరకొరగా చేస్తుంది కాబట్టే అక్షరాల అంచుల్లో లేని రంగులు పాకుతాయి. మూడో దారిలో వెలుగు ఒక తీగలో, రంగు ఇంకో తీగలో, కలవకుండానే బయటికి వస్తాయి. దాన్నే ఎస్-వీడియో అంటాం. 1982 నాటి యంత్రంలో ఇంత మంచి దారి పెట్టి ఉంచారు, దాన్ని వాడుకోకపోతే అన్యాయం.

కమొడోర్ వెనక గుండ్రటి వీడియో సాకెట్లో రంధ్రాలు లెక్కపెట్టండి. 8 ఉంటే ఎస్-వీడియో కేబుల్ వాడవచ్చు. మొదట్లో వచ్చిన కొన్నిటికి 5 మాత్రమే ఉంటాయి, వాటిలో రంగు తీగ విడిగా రాదు, కాంపోజిట్‌తో సరిపెట్టుకోవాలి. కేబుల్ అమ్మేవాళ్లను ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: రంగు తీగలో 300 ఓమ్‌ల రెసిస్టర్ ఉందా? కమొడోర్ రంగు సిగ్నల్‌ను ఎస్-వీడియో పద్ధతి అడిగేదానికన్నా బలంగా పంపుతుంది. నేను మొదట కొన్న కేబుల్లో అది లేదు. ఎరుపు రంగు గట్టు దాటి పక్కకు పొంగింది, నీలం మీద గళ్లు గళ్లుగా మరకలు. యంత్రంలోని వీడియో చిప్పే పోయిందనుకుని రెండు వారాలు దిగులు పడ్డాను. చివరికి ప్లగ్గు మూత విప్పితే రంగు తీగ నేరుగా పిన్నుకు అతికించి ఉంది. ఒక్క చిన్న రెసిస్టర్ మధ్యలో పెట్టగానే మరకలు పోయాయి. మీకు సోల్డరింగ్ రాదన్నారు కాబట్టి, అది పెట్టి ఇచ్చే కేబులే కొనండి.

కొత్త టీవీల్లో ఎస్-వీడియో సాకెట్ దాదాపు కనిపించదు. అందుకే మధ్యలో ఒక డబ్బా కావాలి, అయితే అది ఈ పని తెలిసిన డబ్బా అయి ఉండాలి. రెట్రోటింక్ 2ఎక్స్ మినీ అలాంటిదే. అది 312 గీతలను 312 గీతలుగానే గుర్తిస్తుంది, కుట్టే ప్రయత్నం చేయదు, ప్రతి గీతనూ రెండుసార్లు చూపించి హెచ్‌డీఎంఐలో పంపుతుంది, ఫ్రేములు దాచుకోదు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ఓఎస్ఎస్‌సీ అనే మంచి డబ్బా గురించి విని, మంచిదే కదా అని కమొడోర్‌కు కొనేస్తారు. దానికి ఎస్-వీడియో, కాంపోజిట్ సాకెట్లు రెండూ లేవు. అది ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేర్వేరు తీగల్లో), కాంపోనెంట్ (వెలుగు, రంగు మూడు తీగల్లో) సిగ్నళ్ల కోసం చేసింది, అంటే మీ అమిగాకు పనికొస్తుంది. రెట్రోటింక్ 2ఎక్స్ మినీకి ఆర్‌జీబీ రాదు. రెండు కంప్యూటర్లకూ ఒకే డబ్బా కావాలంటే రెట్రోటింక్ 5ఎక్స్ ప్రో లాంటిది చూడాలి. అది ఎస్-వీడియో, స్కార్ట్ (ఆర్‌జీబీ తెచ్చే వెడల్పాటి సాకెట్) రెండూ తీసుకుంటుంది, ఖర్చూ ఎక్కువే. పిన్ని కోరిక తీరడానికి అంత అవసరం లేదు.

నిజానికి ఏమీ కొనకముందు మీ టీవీ వెనక ఒకసారి చూడండి. కాంపోజిట్ సాకెట్ ఇంకా ఉండవచ్చు. కొన్నిట్లో అది పసుపు రంగులో కాకుండా, కాంపోనెంట్ వాడే ఆకుపచ్చ సాకెట్‌తోనే కలిసి ఉంటుంది. అక్కడ తగిలించి టీవీ మెనూలో ఏవీ అని ఎంచుకోవాలి. కాంపోనెంట్ మీద ఉంచితే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది, చాలామంది కంప్యూటర్లో రంగు పోయిందనుకుంటారు. ఇంకొన్నిట్లో హెడ్‌ఫోన్ సాకెట్‌లాంటి చిన్న రంధ్రం ఉంటుంది, దానికి టీవీతో వచ్చిన పొట్టి కేబులే వాడాలి. బయట కొన్నదాంట్లో తీగల వరస వేరుగా ఉంటే బొమ్మ రావాల్సిన ప్లగ్గులో శబ్దం వస్తుంది. ఇలా నేరుగా కలిపినప్పుడు అక్షరాలు చదవగలిగేలా ఉంటే ప్రస్తుతానికి అది చాలు, గుడ్డికంటే మెల్ల నయం.

చదవగలమో లేదో తేల్చుకోవడానికి కమొడోరే పరీక్ష పెడుతుంది. ఆన్ చేయగానే ముదురు నీలం మీద లేత నీలం అక్షరాలతో వచ్చే స్క్రీన్‌లో, రెండో వరసలో 38911 అనే అంకె ఉంటుంది. టీవీకి దగ్గరగా వెళ్లి ఆ 8ని చూడండి. పై గడి, కింది గడి విడివిడిగా, లోపల ముదురు నీలంతో కనిపించాలి. రెండూ పూడుకుపోయి ముద్దలా ఉంటే సిగ్నల్ దారిలోనే నలిగింది. తర్వాత పక్కపక్కనే ఉన్న రెండు 1ల మధ్య సందు చూడండి. ఏంటెన్నా దారిలో, కాంపోజిట్‌లో, ఎస్-వీడియోలో వరసగా ఆ 8ని చూస్తే తేడా నేను ఇంత రాయకుండానే అర్థమవుతుంది.

టీవీలోనూ కొన్ని సవరణలు అవసరం. పిక్చర్ మోడ్‌ను గేమ్‌కు మార్చండి, మెరుగులు దిద్దే పనులన్నీ ఆగి ఆలస్యం బాగా తగ్గుతుంది. బొమ్మ ఆకారాన్ని 4:3కి పెట్టండి. సాగదీసిన కమొడోర్ అక్షరాన్ని చూస్తే నాకు ఇప్పటికీ మనసొప్పదు. పక్కన నల్లటి ఖాళీ ఉంటే ఉండనివ్వండి. అంచులు కత్తిరించే ఓవర్‌స్కాన్‌ను కూడా ఆపేయండి. ఇంకా ఒకటి: కంప్యూటర్ మానిటర్లలో కొన్ని సెకనుకు 50 ఫ్రేముల సిగ్నల్‌ను తీసుకోవు, టీవీలు ఎక్కువగా తీసుకుంటాయి. అందుకని ఈ పని అంతా ముందు టీవీ మీదే చేసి చూడండి.

ఇక అమిగా. అమిగా 500లో కాంపోజిట్ సాకెట్ ఉంది, అందులో నలుపు తెలుపు మాత్రమే వస్తుంది. బతికుందని ఇప్పుడే చూడాలంటే అక్కడ కలపండి. డిస్కు పెట్టకుండా ఆన్ చేస్తే, కిక్‌స్టార్ట్ (అమిగాను లేపే లోపలి ప్రోగ్రామ్) 1.2 లేదా 1.3 ఉన్న యంత్రంలో ఫ్లాపీ పట్టుకున్న చెయ్యి కనిపిస్తుంది. దాని అసలు అందం 23 పిన్నుల సాకెట్లో ఉంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ మూడు తీగల్లో విడిగా వస్తాయి. కలపడమే లేదు కాబట్టి విడదీసే బాధా లేదు. అమిగా నుంచి స్కార్ట్‌కు వచ్చే కేబుల్ కొని ఓఎస్ఎస్‌సీకి కలిపితే గీతలను రెట్టింపు చేసి హెచ్‌డీఎంఐలో ఇస్తుంది. ఆ కేబుల్లోనూ సింక్ తీగకు (గీతలు ఎక్కడ మొదలవ్వాలో చెప్పే సిగ్నల్ తీగ) రెసిస్టర్ ఉందో లేదో అడగండి. అమిగా సింక్‌ను 5 వోల్టుల స్థాయిలో పంపుతుంది, డబ్బా అంత బలాన్ని కోరుకోదు. ఆ సాకెట్లో కేబుల్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కరెంటు తప్పకుండా ఆపి ఉండాలి.

మూత విప్పడానికి భయం లేకపోతే ఇంకో మార్గం ఉంది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ అనే చిన్న బోర్డు, రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్‌తో పనిచేస్తుంది. అమిగాలో డెనీస్ అనే వీడియో చిప్పును సాకెట్ నుంచి తీసి, ఆ బోర్డును అక్కడ పెట్టి, చిప్పును బోర్డు మీద కూర్చోబెట్టాలి. సోల్డరింగ్ అక్కర్లేదు. రంగు ఇంకా అంకెల రూపంలో ఉండగానే పట్టుకుంటుంది కాబట్టి ఒక్క చుక్క కూడా చెదరదు. చిప్పును లాగేటప్పుడు ఒక పక్కే ఎత్తితే పిన్నులు వంగుతాయి, రెండు పక్కలా కొద్దికొద్దిగా ఎత్తాలి. మొదటిసారి ఈ పని తెలిసినవాళ్లను పక్కన పెట్టుకోండి.

వేరే కంప్యూటర్లు ఉన్నవాళ్ల కోసం రెండు హెచ్చరికలు. స్పెక్ట్రమ్ 48కెకు ఏంటెన్నా దారి ఒక్కటే ఉంటుంది, కానీ కాంపోజిట్ సిగ్నల్ లోపలి రేకు డబ్బా దాకా వస్తుంది. దాన్ని అదే సాకెట్‌కు మళ్లించడం సోల్డరింగ్ వచ్చినవాళ్లకు చిన్న పని. దాని 9 వోల్టుల అడాప్టర్‌కు మధ్య పిన్ను నెగెటివ్, చేతికందిన అడాప్టర్ ఏదో ఒకటి పెట్టకండి. బీబీసీ మైక్రో ఆర్‌జీబీ, పాత ఐబీఎం పీసీల సీజీఏ 9 పిన్నుల సాకెట్ రెండూ 5 వోల్టుల స్థాయిలో ఉండే డిజిటల్ సిగ్నళ్లు. 0.7 వోల్టులు ఆశించే అనలాగ్ డబ్బాలకు వాటిని నేరుగా కలిపితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. వాటికీ ఆర్‌జీబీ టు హెచ్‌డీఎంఐ బోర్డే సరైనది, అసలు అది మొదట తయారైందే బీబీసీ మైక్రో కోసం.

ఇప్పుడు బాబాయి క్యాసెట్. దాన్ని వెంటనే రికార్డర్లో పెట్టకండి. ఇన్నేళ్లు కదలని రికార్డర్లో రబ్బరు బెల్టు సాగిపోయి గానీ, కరిగి జిగురై గానీ ఉండవచ్చు. పోయినా ఫర్వాలేదనుకునే క్యాసెట్ ఒకటి పెట్టి ముందుకూ వెనక్కూ పూర్తిగా తిప్పి చూడండి. టేపు తగిలే హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడవండి. బాబాయి క్యాసెట్ వెనక అంచులో ఉండే చిన్న ప్లాస్టిక్ రేకులు విరిచి ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే మీరే విరిచేయండి. అప్పుడు పొరపాటున రికార్డ్ మీట నొక్కినా ఆయన రాసింది చెరిగిపోదు.

తర్వాత లోడ్ అని కొట్టి రిటర్న్ నొక్కితే, ప్లే నొక్కమని కమొడోర్ అడుగుతుంది. ప్లే నొక్కగానే స్క్రీన్ మీది అక్షరాలన్నీ మాయమై లేత నీలం ఒక్కటే మిగులుతుంది. కొత్త డబ్బా పాడైందని కంగారు పడి ఏదీ పీకకండి. టేపు చదివేటప్పుడు కమొడోర్ కావాలనే స్క్రీన్ ఆపుకుంటుంది. కాసేపటికి అక్షరాలు తిరిగొచ్చి, ఫౌండ్ అనే మాట పక్కన బాబాయి ఆ ప్రోగ్రామ్‌కు పెట్టిన పేరు కనిపిస్తుంది. కొద్ది క్షణాలు ఆగితే దానంతట అదే ముందుకు సాగుతుంది, స్క్రీన్ మళ్లీ ఖాళీ అవుతుంది. రెడీ అని వచ్చాక రన్ కొట్టడానికి ముందు లిస్ట్ కొట్టండి. ఆయన బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసి ఉంటే ఆ వరసలన్నీ కింది నుంచి పైకి గబగబా వెళ్లిపోతాయి. కంట్రోల్ మీట నొక్కి పట్టుకుంటే నెమ్మదిస్తాయి. ఆ మీట మీద వేలు పిన్నినే పెట్టమనండి, ఆవిడ చదువుకునే వేగానికి వరసలు కదులుతాయి.